ఫీజు రీయింబర్స్‌మెంట్‌లో మీకెంత వస్తుంది? ఆ అంకె ఎలా తేలుతుంది?

ఇంజినీరింగ్ ప్రవేశ పరీక్ష ఈఏపీసెట్ కౌన్సెలింగ్‌లో సీటు రాగానే ఇంట్లో అందరూ అలాట్‌మెంట్ ఆర్డర్‌లో మొదట కాలేజీ పేరు చూస్తారు, వెంటనే కట్టాల్సిన ఫీజు చూస్తారు. తెలంగాణలో ఒకే ఊరి నుంచి, ఒకే రకమైన సంపాదన ఉన్న రెండు బీసీ కుటుంబాల పిల్లలు ఒకే కాలేజీలో, ఒకే బ్రాంచిలో చేరినా ఒకరి ఆర్డర్‌లో సున్నా, మరొకరి ఆర్డర్‌లో 85,000 కనిపించవచ్చు. అది పొరపాటు కాదు. నిబంధనలను అక్షరాలా పాటిస్తే వచ్చే ఫలితమే అది.

"పేద విద్యార్థులకు ప్రభుత్వం ఫీజు కడుతుంది" అని ఒక్క ముక్కలో చెప్పుకునే ఈ పథకంలో, ఇంటి పరిస్థితిని చూసి సాయం లెక్కకట్టే పద్ధతి లేదు. మూడు అంకెలున్నాయి: ఆదాయ పరిమితి, కాలేజీకి ఖరారైన ఫీజు, ప్రభుత్వం ఇస్తానన్న గరిష్ఠ మొత్తం. ఈ మూడూ వేర్వేరు కారణాలతో, వేర్వేరు చోట్ల పుట్టినవి. ఒక్కొక్కటీ విడదీసి చూస్తే చేతికొచ్చే మొత్తం ఎందుకలా ఉందో అర్థమవుతుంది.

## ఆర్‌టీఎఫ్, ఎంటీఎఫ్

పోస్ట్ మెట్రిక్ స్కాలర్‌షిప్ అనే మాట కింద రెండు వేర్వేరు సాయాలున్నాయి. ఆర్‌టీఎఫ్ అంటే ట్యూషన్ ఫీజు రీయింబర్స్‌మెంట్. కాలేజీకి చెల్లించాల్సిన ఫీజు బదులు ప్రభుత్వం ఇచ్చే డబ్బు ఇది. ఎంటీఎఫ్ అంటే మెయింటెనెన్స్ ఫీజు, అంటే తిండికీ ఉండడానికీ ఇచ్చే మొత్తం. హాస్టల్లో ఉంటున్నారా, ఇంటి నుంచి వెళ్లి వస్తున్నారా, ఏ కోర్సు అన్నదాన్ని బట్టి ఇది మారుతుంది. జనం "ఫీజు రీయింబర్స్‌మెంట్" అన్నప్పుడు మనసులో ఉండేది ఆర్‌టీఎఫ్. ఈ వ్యాసం కూడా ప్రధానంగా దాని గురించే.

ఉమ్మడి రాష్ట్రంలో 2008లో వైఎస్ రాజశేఖరరెడ్డి ప్రభుత్వం దీన్ని పెద్ద ఎత్తున మొదలుపెట్టింది. కన్వీనర్ కోటాలో, అంటే ప్రభుత్వ కౌన్సెలింగ్ ద్వారా సీటు వచ్చినవారికే ఇది వర్తిస్తుంది. ప్రైవేటు కాలేజీల్లో 70 శాతం సీట్లు కన్వీనర్ కోటావి. మిగిలిన 30 శాతం మేనేజ్‌మెంట్ కోటాలో చేరినవారి ఇంటి ఆదాయం ఎంత తక్కువైనా రూపాయి రాదు. హాజరు 75 శాతం ఉండాలి. ఏటా రెన్యువల్ చేయించుకోవాలి. బస్సు ఫీజు, ప్రైవేటు హాస్టల్ ఖర్చు ఆర్‌టీఎఫ్ లెక్కలోకి రావు.

## మొదటి అంకె: ఆదాయ పరిమితి

తెలంగాణలో బీసీ, ఈబీసీ విద్యార్థులకు తల్లిదండ్రుల వార్షికాదాయం గ్రామాల్లో 1,50,000, పట్టణాల్లో 2,00,000 రూపాయలు దాటకూడదు. ఆంధ్రప్రదేశ్‌లో ఊరూ పట్నం తేడా లేకుండా 2,50,000.

గ్రామానికి పెట్టిన 1,50,000ను పన్నెండు నెలలకు పంచితే నెలకు 12,500 వస్తుంది. భార్యాభర్తలిద్దరూ రోజుకు 500 కూలితో నెలకు 25 రోజులు పనికి వెళ్తే ఆ ఇంటి ఆదాయం నెలకు 25,000, ఏడాదికి 3 లక్షలు. ఏడాది పొడవునా ఆ మాదిరి పని దొరకదన్నది నిజమే. అయినా ఏడెనిమిది నెలలు దొరికినా పరిమితి దాటిపోతుంది. అంటే ఈ గీతను ఉన్నదున్నట్టు అమలు చేస్తే రెక్కల కష్టం మీద బతికే చాలా ఇళ్లు అనర్హమవుతాయి. వాళ్లంతా అర్హులుగా ఉండగలుగుతున్నారంటే, తహసీల్దార్ ఇచ్చే ఆదాయ ధ్రువీకరణ పత్రం మీది అంకె చాలావరకు అంచనా కాబట్టే.

ఇక్కడ రెండు వాదనలు వినిపిస్తాయి. జీతం వచ్చేవారి ఆదాయం స్లిప్పు మీద పైసలతో సహా ఉంటుంది, వ్యాపారం చేసుకునేవారి ఆదాయం వాళ్లు చెప్పిందే, కాబట్టి చిన్న ప్రైవేటు ఉద్యోగికి అన్యాయం జరుగుతోందన్నది ఒకటి. వ్యవసాయం, కూలి లాంటి ఆదాయాలకు రసీదులుండవు, మరీ బిగిస్తే నిజమైన పేదలే బయటపడతారన్నది రెండోది. రెండింట్లోనూ నిజముంది. కానీ ఈ రెండు ఇబ్బందులకూ మూలం ఒక్కటే: పరిమితి చాలా కింద ఉంది, దాన్ని దాటగానే సాయం మొత్తంగా ఆగిపోతుంది. గ్రామంలో 1,49,000 ఆదాయమున్న ఇంటికి మొత్తం సాయం వస్తుంది. 1,51,000 ఉన్న ఇంటికి ఏమీ రాదు. ఆదాయంలో తేడా రెండు వేలు, సాయంలో తేడా ఏడాదికి 35 వేల నుంచి లక్ష పైన. ఇంత తేడా ఉన్నప్పుడు సర్టిఫికెట్ మీద అంకె గురించి ఇళ్లలో టెన్షన్ పుట్టడంలో ఆశ్చర్యం లేదు.

## రెండో అంకె: కాలేజీ ఫీజును ఎవరు నిర్ణయిస్తారు

ప్రైవేటు కాలేజీలు తమ ఫీజు తాము నిర్ణయించుకోవచ్చు, కానీ విద్యను లాభాల వ్యాపారం చేయకూడదు, క్యాపిటేషన్ (సీటు కోసం తీసుకునే డొనేషన్) వసూలు చేయకూడదు అని టీఎంఏ పాయ్ ఫౌండేషన్ కేసులో సుప్రీంకోర్టు 2002లో చెప్పింది. దాన్ని అమలు చేయడానికి రాష్ట్రాల్లో ఫీజుల కమిటీలు ఉండాలని 2003లో ఇస్లామిక్ అకాడమీ కేసులో ఆదేశించింది. తెలంగాణలో ప్రవేశాలు, ఫీజుల నియంత్రణ కమిటీ, ఆంధ్రప్రదేశ్‌లో ఉన్నత విద్య నియంత్రణ, పర్యవేక్షణ కమిషన్ చేస్తున్నది ఈ పనే.

కాలేజీ తన ఆడిట్ చేసిన జమాఖర్చులు సమర్పిస్తుంది. జీతాలు, ల్యాబులు, భవనాలు, తరుగుదల అన్నీ చూసి కమిటీ మూడేళ్లకు వర్తించేలా ఫీజు ఖరారు చేస్తుంది. గమనించాల్సింది ఏమంటే, ఇది కాలేజీ ఖర్చు లెక్క. చేరే విద్యార్థి కుటుంబానికి ఎంత శక్తి ఉందన్నది ఇందులో ఎక్కడా రాదు. అందువల్ల ఎక్కువ జీతాలిచ్చి, ఎక్కువ ఖర్చు చూపిన కాలేజీకి ఎక్కువ ఫీజు వస్తుంది. తెలంగాణలో 2022-25 కాలానికి ప్రైవేటు ఇంజినీరింగ్ కాలేజీల కనీస ఫీజు 45,000. పేరున్న కొన్ని హైదరాబాద్ కాలేజీల్లో అది లక్షన్నర దాటింది. 2025-26కు పాత ఫీజులనే కొనసాగించాలని ప్రభుత్వం ఆదేశిస్తే కొన్ని కాలేజీలు హైకోర్టుకెళ్లాయి.

## మూడో అంకె: 35 వేలు, 10 వేల ర్యాంకు

అసలు చిక్కంతా ఇక్కడుంది.

ఉమ్మడి రాష్ట్రంలో ఒకప్పుడు కన్వీనర్ కోటా సీటుకు ప్రైవేటు కాలేజీలన్నిట్లో దాదాపు ఒకే ఫీజు ఉండేది. కాలేజీకో ఫీజు వచ్చాక, ఏ కాలేజీ ఎంతకు ఖరారు చేయించుకుంటే అంతా ప్రభుత్వమే కట్టాలా అన్న ప్రశ్న వచ్చింది. 2012లో అప్పటి ప్రభుత్వం ఇంజినీరింగ్‌కు 35,000 పరిమితి పెట్టింది. ఎంసెట్‌లో (ఇప్పటి ఈఏపీసెట్) 10,000 లోపు ర్యాంకు వస్తే పూర్తి ఫీజు ఇస్తామంది. ఎస్సీ, ఎస్టీ విద్యార్థులకు ర్యాంకుతో సంబంధం లేకుండా పూర్తి ఫీజు ఉంచింది. అప్పట్లో చాలా కాలేజీలు 35,000 ఫీజుకే ఒప్పుకున్నాయి కాబట్టి, ఎక్కువమందికి ఆ పరిమితి పూర్తి ఫీజుతో సమానమే అయింది.

తెలంగాణలో బీసీ, ఈబీసీ విద్యార్థులకు ఆ 35,000 ఇప్పటికీ అలాగే ఉంది. కాలేజీ ఫీజులు మూడేళ్లకోసారి పెరిగాయి. కనీస ఫీజే 45,000 అయ్యాక, పది వేలు దాటిన ర్యాంకుతో ప్రైవేటు కాలేజీలో చేరిన బీసీ విద్యార్థుల్లో చాలామందికి పూర్తి రీయింబర్స్‌మెంట్ అన్నది లేకుండా పోయింది. ఏ ప్రభుత్వమూ "కోత పెడుతున్నాం" అని ప్రకటించలేదు. అంకెను కదపకుండా ఉంచడంతోనే కోత పడింది.

ఊహించిన అంకెలతో లెక్క వేసి చూద్దాం. గ్రామంలో ఉండే ఒక బీసీ అమ్మాయి, ఇంటి ఆదాయం 1,40,000, ర్యాంకు 24,000. కాలేజీ ఫీజు 1,20,000. ప్రభుత్వం ఇచ్చేది 35,000. ఇల్లు కట్టాల్సింది ఏడాదికి 85,000, నాలుగేళ్లకు 3,40,000. అంటే నిబంధనల ప్రకారం "అర్హురాలు" అయిన ఈ అమ్మాయి ఇంటివాళ్లు తమ వార్షికాదాయంలో 60 శాతం పైగా ఒక్క ట్యూషన్ ఫీజుకే తేవాలి. హాస్టల్, పుస్తకాలు, పరీక్ష ఫీజులు దీనికి అదనం. అదే అమ్మాయి 45,000 ఫీజున్న కాలేజీలో చేరితే కట్టాల్సింది 10,000. కాబట్టి ఆచరణలో ఈ పరిమితి ఒక వడపోతలా పనిచేస్తుంది. మంచి కాలేజీలో సీటొచ్చే ర్యాంకున్నా, కౌన్సెలింగ్‌లో వెబ్ ఆప్షన్లు పెట్టేటప్పుడే ఇంట్లోవాళ్లు ఫీజు చూసి ఆ కాలేజీని జాబితాలోంచి తీసేస్తారు. ఇలా వదులుకున్న సీటు ఏ గణాంకాల్లోనూ కనబడదు.

ఇప్పుడు ఆ అమ్మాయి ర్యాంకు 9,990 అనుకోండి. కట్టాల్సింది సున్నా. 10,010 అనుకోండి, మళ్లీ 85,000. ఇరవై ర్యాంకుల తేడాకు నాలుగేళ్లలో 3,40,000. ఈఏపీసెట్‌లో ఇరవై ర్యాంకులంటే చాలాసార్లు ఒక ప్రశ్న కూడా కాదు.

ర్యాంకు నిబంధనను సమర్థించేవారి మాట కూడా వినాలి. ప్రభుత్వం దగ్గర డబ్బు పరిమితంగా ఉన్నప్పుడు బాగా చదివే పిల్లలు మంచి కాలేజీకి వెళ్లేలా చూడాలంటారు. పరిమితి తీసేస్తే కాలేజీలు ఖర్చులు పెంచి చూపి, ఫీజు పెంచుకుని, ఖజానా నుంచి వసూలు చేసుకుంటాయంటారు. రెండో వాదనకు బలముంది. చెల్లించేవాడు ఒకడు, ధర చెప్పేవాడు మరొకడు అయినప్పుడు ఎక్కడైనా ధర పెరుగుతుంది. కానీ ఫీజు పెరుగుదలను ఆపాల్సిన చోటు కమిటీ గది. దాన్ని ఆపలేక ఆ భారాన్ని 1,40,000 ఆదాయమున్న ఇంటి మీద వేయడం నా దృష్టిలో న్యాయం కాదు. మొదటి వాదన విషయానికొస్తే, ర్యాంకు ప్రతిభకు కొలత అవుతుందేమో గానీ అవసరానికి కొలత కాదు. పైగా ఆ పది వేల లోపలికి రావడానికి కార్పొరేట్ కాలేజీల్లో రెండేళ్ల కోచింగ్‌కు లక్షలు పెట్టగలిగిన ఇళ్లతో, అంత ఖర్చు పెట్టలేని ఇళ్ల పిల్లలు పోటీ పడాలి.

## ఆంధ్రప్రదేశ్‌లో లెక్క వేరు

ఆంధ్రప్రదేశ్‌లోనూ 2019 వరకు ఇలాంటి గరిష్ఠ పరిమితే ఉండేది. తర్వాత వైఎస్సార్ కాంగ్రెస్ ప్రభుత్వం దాన్ని ఎత్తేసి, జగనన్న విద్యా దీవెన పేరుతో ఖరారైన ఫీజు మొత్తం ఇవ్వడం మొదలుపెట్టింది. ర్యాంకు షరతు లేదు. అక్కడ కీలకమైనవి రెండే: అర్హత, కమిటీ ఖరారు చేసిన ఫీజు.

అర్హతకు 2019 చివర్లో వచ్చిన ఉత్తర్వులు ఆదాయంతో పాటు ఆస్తులనూ చూశాయి. మాగాణి 10 ఎకరాల లోపు, లేదా మెట్ట 25 ఎకరాల లోపు, రెండూ కలిపితే 25 ఎకరాల లోపు ఉండాలి. ఇంట్లో ప్రభుత్వ ఉద్యోగి, పెన్షనర్, ఆదాయపు పన్ను కట్టేవారు ఉండకూడదు. పారిశుద్ధ్య కార్మికులకు మినహాయింపు. కారు ఉండకూడదు. టాక్సీ, ఆటో, ట్రాక్టర్ ఉంటే ఫర్వాలేదు. పట్టణంలో 1,500 చదరపు అడుగుల స్థిరాస్తి పరిమితి.

ఉదాహరణకు ఒక ఇంటికి 6 ఎకరాల మాగాణి, 12 ఎకరాల మెట్ట ఉన్నాయనుకోండి. మొత్తం 18, అర్హులే. ఇంకో ఇంటికి 11 ఎకరాల మాగాణి మాత్రమే ఉంది, అనర్హులు. అనంతపురం మెట్టకూ గోదావరి మాగాణికీ దిగుబడిలో ఎంత తేడా ఉందో తెలిసినవారికి ఈ విభజన వెనక ఆలోచన అర్థమవుతుంది. కాగితం మీది ఆదాయం కంటే కంటికి కనిపించే ఆస్తి నమ్మదగిన కొలత అన్నది దీనికి ఆధారం. అయితే బ్యాంకు అప్పు మీద కొన్న పాత కారు వల్ల అర్హత పోయిన ఇల్లు కూడా ఉంటుంది. ఆస్తిని చూసే ఈ లెక్క అప్పును చూడదు.

పూర్తి ఫీజు ఇస్తామన్నప్పుడు ఒత్తిడి మరోవైపు పడుతుంది. ఫీజు ఎంత ఖరారైతే అంతా ఖజానా నుంచే పోవాలి కాబట్టి, దాన్ని తక్కువగా ఉంచాలని ప్రభుత్వం చూస్తుంది. ఆ ఫీజుతో అధ్యాపకులకు జీతాలివ్వలేమని కాలేజీలంటాయి. తెలంగాణలో ఆ తేడా విద్యార్థి జేబులోంచి పోతుంటే, ఇక్కడ చదువు నాణ్యత మీద పడుతుందన్నది కాలేజీల వాదన.

డబ్బు ఎవరి ఖాతాలో వేయాలన్నదీ ఇక్కడ మారుతూ వచ్చింది. 2021 నుంచి మూడు నెలలకోసారి తల్లి ఖాతాలో వేశారు. ఫీజు కట్టేది తామే అయితే తల్లిదండ్రులు కాలేజీని నిలదీయగలరన్నది అప్పటి ఆలోచన. ఖాతాలో పడిన డబ్బు ఇంటి అవసరాలకు ఖర్చయిపోయి తమకు చేరడం లేదని కాలేజీలు ఫిర్యాదు చేశాయి. తర్వాత తల్లీ విద్యార్థీ ఉమ్మడి ఖాతా అన్నారు. 2024లో ప్రభుత్వం మారాక మళ్లీ కాలేజీలకే నేరుగా ఇచ్చే పద్ధతికి వచ్చారు.

ప్రైవేటు యూనివర్సిటీలనూ ఇక్కడ ఈ పథకంలోకి తెచ్చారు. ఆంధ్రప్రదేశ్ 2021లో చట్టం సవరించి, వాటిలో 35 శాతం సీట్లను కన్వీనర్ కోటా కిందకు తెచ్చి రీయింబర్స్‌మెంట్ వర్తింపజేసింది.

## ఎస్సీ విద్యార్థులకు 60, 40

ఎస్సీ విద్యార్థుల పోస్ట్ మెట్రిక్ స్కాలర్‌షిప్‌లో కేంద్రం వాటా 60 శాతం, రాష్ట్రం వాటా 40 శాతం అని 2020 డిసెంబరులో కేంద్ర మంత్రివర్గం తీర్మానించింది. 2021-22 నుంచి కేంద్రం తన వాటాను ఆధార్‌తో ముడిపడిన విద్యార్థి ఖాతాలోకే నేరుగా వేస్తోంది, అదీ రాష్ట్రం తన 40 శాతం ఇచ్చాక. ఫీజు లక్ష అయితే 40 వేలు రాష్ట్రం ఇవ్వాలి, ఆ తర్వాత 60 వేలు విద్యార్థి ఖాతాలో పడితే అతను దాన్ని కాలేజీకి కట్టాలి. కాగితం మీద ఇది పూర్తి రీయింబర్స్‌మెంటే. కానీ రెండు ప్రభుత్వాల్లో ఏ ఒక్కటి ఆలస్యం చేసినా కాలేజీ అడిగేది ఎదురుగా ఉన్న విద్యార్థినే.

## అవసరాన్ని కొలిచి ఇస్తే ఎలా ఉంటుంది

అవసరాన్ని బట్టి ఇవ్వడం అంటే, ఆ చదువుకయ్యే మొత్తం ఖర్చులోంచి ఆ ఇల్లు నిజంగా పెట్టుకోగలిగింది తీసేసి మిగిలింది ఇవ్వడం. ఐఐటీల్లో దీనికి కొంత దగ్గరి పద్ధతి ఉంది. బీటెక్ ట్యూషన్ ఫీజు ఏడాదికి 2 లక్షలు. ఎస్సీ, ఎస్టీ, దివ్యాంగ విద్యార్థులకు పూర్తి మినహాయింపు. మిగిలినవారిలో కుటుంబ ఆదాయం లక్ష లోపయితే పూర్తి మినహాయింపు, లక్ష నుంచి 5 లక్షల మధ్య అయితే మూడింట రెండు వంతుల మినహాయింపు, అంటే కట్టాల్సింది దాదాపు 66,667. 5 లక్షలు దాటితే పూర్తి ఫీజు. ఇక్కడా మెట్లున్నాయి, 5 లక్షల దగ్గర గట్టి దెబ్బ ఉంది. అయినా సాయం ఒక్కసారిగా సున్నా కాకుండా మధ్యలో ఒక మెట్టయినా ఉంది.

అమెరికాలో కాలేజీ విద్యార్థులకు కేంద్ర ప్రభుత్వం ఇచ్చే పెల్ గ్రాంట్ ఇంకా మెల్లగా తగ్గుతుంది. కుటుంబ ఆదాయం, ఇంట్లో ఎంతమంది, కొన్ని రకాల ఆస్తులు కలిపి విద్యార్థికి ఒక సూచిక అంకె తేలుస్తారు. ఆదాయం మరీ తక్కువైతే గరిష్ఠ గ్రాంట్ వస్తుంది. ఆ పైన గరిష్ఠంలోంచి సూచికను తీసేస్తే వచ్చేదే గ్రాంట్. 2025-26కు గరిష్ఠం 7,395 డాలర్లు. సూచిక 2,000 అయితే 5,395, సూచిక 2,100 అయితే 5,295. వంద పెరిగితే వందే తగ్గుతుంది. అక్కడ స్థిరపడిన తెలుగు కుటుంబాల్లో గ్రీన్ కార్డు లేదా పౌరసత్వం ఉన్న పిల్లలకే ఇది వర్తిస్తుంది. హెచ్-4 వీసా (హెచ్-1బీ ఉద్యోగుల కుటుంబ సభ్యులకు ఇచ్చేది) మీద పెరిగిన పిల్లలకు రాదు.

ఇలాంటి ఆలోచనను ఇక్కడి లెక్కకు వర్తింపజేసి చూడొచ్చు. ఇల్లు తన ఆదాయంలో 10 శాతం పెట్టుకోవాలి అనుకుందాం. ఇది నేను లెక్క కోసం తీసుకున్న అంకె మాత్రమే. ఫీజు 1,20,000 అయితే 1,40,000 ఆదాయమున్న ఇల్లు 14,000 కట్టి 1,06,000 సాయం పొందుతుంది. ఈ రోజు రూపాయి కూడా రాని 3 లక్షల ఇల్లు 30,000 కట్టి 90,000 పొందుతుంది. 6 లక్షల ఇల్లు 60,000 కట్టి 60,000 పొందుతుంది. ఒక రూపాయి అటూ ఇటూ అయితే సాయమంతా పోయే గీత ఎక్కడా ఉండదు. కానీ అర్హుల సంఖ్య బాగా పెరుగుతుంది, ఖజానా ఖర్చూ పెరుగుతుంది. పైగా ఆదాయాన్ని ఇంత కచ్చితంగా కొలిచే యంత్రాంగం కావాలి. తహసీల్దార్ అంచనా మీద నడిచే చోట అది సులభం కాదు. ఈ పద్ధతి వద్దనేవారు చూపే బలమైన కారణం ఇదే.

## మంజూరు ఒకటి, విడుదల ఒకటి

లెక్క తేలాక కూడా డబ్బు రావడానికి దూరముంది. తెలంగాణలో ఈపాస్ అనే ఆన్‌లైన్ పోర్టల్‌లో దరఖాస్తు, కాలేజీ పరిశీలన, సంక్షేమ శాఖ అధికారి మంజూరు, ట్రెజరీకి బిల్లు, అక్కడ టోకెన్. టోకెన్ పడితే మంజూరైనట్టే, కానీ డబ్బు విడుదలైనట్టు కాదు. ఈ రెండింటి మధ్య ఏళ్లు గడిచిన సందర్భాలున్నాయి. 2025 నవంబరు మొదట్లో తెలంగాణ ప్రైవేటు కాలేజీలు బకాయిల కోసం బంద్ చేసింది ఈ టోకెన్ల డబ్బు గురించే.

కోర్సు పూర్తయి, ఉద్యోగం వచ్చి, ఒరిజినల్ సర్టిఫికెట్ల కోసం వెళ్లిన విద్యార్థికి "మీ ఆర్‌టీఎఫ్ రాలేదు, ముందు మీరు కట్టండి, వచ్చాక ఇస్తాం" అనే మాట ఎదురయ్యేది ఈ దశలోనే. కాలేజీలు విద్యార్థుల ఒరిజినల్ సర్టిఫికెట్లు తమ దగ్గర పెట్టుకోకూడదని సాంకేతిక విద్యను నియంత్రించే కేంద్ర సంస్థ ఏఐసీటీఈ నిబంధన స్పష్టంగా చెబుతుంది. ఎస్సీ విద్యార్థి ఖాతాలోకి నేరుగా వచ్చే కేంద్రం వాటాను పక్కన పెడితే, మంజూరైన ఆర్‌టీఎఫ్ బకాయి ప్రభుత్వం కాలేజీకి పడిన బాకీ. అలాట్‌మెంట్ ఆర్డర్‌లో చూపిన తన వాటాను విద్యార్థి కట్టేసి ఉంటే, ఆ బాకీలో అతని పాత్ర అంతటితో తీరిపోయింది.